బొక్కల గుట్ట మీద తెల్ల ముద్దలు

అమరచింత నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు దిగి, కంది చేల మధ్య బండిబాట పట్టి మైలు దూరం నడిస్తే బొక్కల గుట్ట వస్తుంది. పొద్దు గూకాక ఆ బాటన ఎవరూ నడవరు. ఎముకల్ని అక్కడ బొక్కలంటారు. ఆ గుట్ట బండల సందుల్లో ఎప్పుడు చూసినా బొక్కలే... పశువులవో మనుషులవో తేల్చుకునేంత సేపు నిలబడిన మొనగాడు మాత్రం ఊళ్లో లేడు. కరువులో చచ్చినవాళ్లు రాత్రిపూట వచ్చి తమ బొక్కలు తామే ఏరుకుంటారని చెప్పుకునేవారు.

ఈమధ్య ఆ కథ మారింది. ఏరుకునేది చచ్చినవాళ్లు కాదు, దేవమ్మ అన్నారు.

దేవమ్మ గుట్ట కింద గుడిసెలో ఒంటరిగా ఉంటుంది. ఈత చీపుర్లు కట్టి అమ్ముకుంటుంది. ఎడమకాలు ఈడ్చి నడుస్తుంది. ఒంటరి ముసలిది, పైగా ఎవరికీ జడవదు — బాణామతి చేస్తుందని అనడానికి మన జనానికి ఇంతకంటే ఏం కావాలి?

జయపాల్ కూడా అన్నాడు. అందరికంటే గట్టిగా అన్నాడు. ఆటో నడుపుకునే మనిషి, పిరికివాడేమీ కాదు. కానీ భార్య వసంతకు పన్నెండు రోజులుగా జ్వరం దిగడం లేదు. టైఫాయిడ్ అని వనపర్తి దవాఖానలో చెప్పినా అతని మనసు ఒప్పుకోలేదు. చచ్చిన దూడను చేను గట్టున పాతిపెడితే మూడోనాటికి గుంత ఖాళీ. గుంత పక్కన సున్నపు ముద్దల్లాంటివి నాలుగు... తెల్లగా. అలాంటివే దేవమ్మ గుడిసె వెనకా ఉన్నాయి.

దానికి తోడు ఆ పిల్ల ఒకతె. పేరు అర్చన అట, నాగర్‌కర్నూల్ అట, యూనివర్సిటీ తరఫున సర్వే అట. ఏం సర్వే అంటే నవ్వి ఊరుకుంటుంది. చేతులకు తొడుగులు వేసుకుని ఆ తెల్ల ముద్దల్నే కవర్లలోకి ఏరడం జయపాల్ కళ్లారా చూశాడు. చెట్లకు ఏవో డబ్బాలు కడుతుంది. చీకటి పడితే దేవమ్మ గుడిసెలోనే మకాం. ఇద్దరూ కలిసి గుప్తనిధుల కోసం పూజలు చేస్తున్నారని అతనికి అనుమానం. ఆ అనుమానం వసంత జ్వరంతో పాటే పెరిగింది.

మర్నాడు పొద్దున పంచాయితీ. దేవమ్మను ఊళ్లోంచి వెళ్లగొట్టాలా వద్దా అన్నది జయపాల్ సాక్ష్యం మీద ఉంది. వెళ్లగొట్టడమంటే మాటలతో పోదు. పళ్లు రాలగొట్టి మరీ పంపుతారు. ఏం చెప్పినా కళ్లతో చూసే చెప్పాలని, ఆ రాత్రి గొడ్డలి పట్టుకుని బయల్దేరాడు.

ఆటో రోడ్డు మీదే ఆపేశాడు. సగం వెన్నెల. గాలి లేదు. కీచురాళ్లు మాత్రం చెవులు హోరెత్తేలా అరుస్తున్నాయి. గుట్ట కిందికి చేరేసరికి...

అవీ ఆగిపోయాయి.

పటక్ —

బొక్క విరిగిన చప్పుడు. జయపాల్ బండ చాటుకు నక్కాడు.

పటక్... మళ్లీ.

బండల మధ్య నుంచి ఏదో లేచింది. వీపు నిండా జుట్టు విరబోసుకుని ఉంది. ముసలి నడుములా వెనక వైపు కుంగిపోయి ఉంది. కుంటుతున్నట్టే ఒక అడుగు... ఇంకో అడుగు... నాలుగు కాళ్ల మీద. నోట్లో పశువు కాలు, గిట్టతో సహా.

దేవమ్మే! రూపం మార్చింది!

గొడ్డలి ఎత్తాడు.

ఎత్తిన చేతి మీద చల్లటి చెయ్యి పడింది.

"కొట్టకు బిడ్డా... పిల్లల తల్లి."

తల తిప్పితే — పక్కన దేవమ్మ. ఎదురుగా ఆ రూపం. జయపాల్‌కు ఏది దెయ్యమో అర్థం కాలేదు.

దేవమ్మ వెనక అర్చన కూర్చుని ఉంది. "దుమ్ములగొండి అన్నా, హైనా," అంది గుసగుసగా. "బొక్కలు కొరికి తింటది. గందుకే దాని పెంట సున్నం లెక్క తెల్లగుంటది. నేను ఏరేది గదే. ఏమేం తింటదో దాంట్లనే తెలుస్తది."

బండ సందులోంచి రెండు పిల్లలు దొర్లుకుంటూ వచ్చాయి. తల్లి కాలెముక కింద పడేసింది. నిక్కబొడుచుకున్న జూలు వాలిపోయింది. ఇప్పుడది ఎవరిలాగానూ లేదు. ఒంటి నిండా చారలున్న బక్క జంతువు, అంతే. జయపాల్‌కు తన చేతిలోని గొడ్డలిని చూస్తే తనకే సిగ్గేసింది.

"ఆ డబ్బాలు కెమెరాలా మేడమ్? రేపు ఫోటోలు చూపెట్టుండ్రి. అవ్వ బతుకుతది."

"నేను గదే అంటున్న. అవ్వనే వద్దంటుంది."

"చూపెడితే?" అంది దేవమ్మ. "పోయినేడు అవతలి గుట్టల ఏం చేసిండ్రు? పొగబెట్టి నాలుగింటిని సంపిండ్రు. నన్ను జూసి జడుస్తున్నరు గనకనే ఎవ్వడు గీడికి వస్తలేడు. ఈ పిల్లలు పెద్దగయ్యేదాంక నేనే దెయ్యాన్ని."

"నిన్ను కొడ్తరు అవ్వా..."

"తెల్సు."

పొద్దున బడి ముందర ఊరంతా చేరింది. దేవమ్మను నడుమ నిలబెట్టారు. అర్చన సంచిని గుండెలకు హత్తుకుని పక్కనే నిలబడింది. ఫోటోలు ఆ సంచిలోనే ఉన్నాయి. పెద్దమనిషి సాయన్న అడిగాడు.

"ఏమయ్యా, చూసినవా?"

"చూసిన." జయపాల్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "దెయ్యమే. జుట్టు విరబోసుకున్నది. నోట్ల పశువు కాలు. గుట్ట దిక్కు ఎవ్వరు పోకుండ్రి."

జనం దేవమ్మ వైపు తిరిగారు. ఎవరో కర్ర ఎత్తారు.

"ఈమె కాదు!" అన్నాడు జయపాల్. "దెయ్యం నా ఎదురుంగ ఉండె. అప్పుడు ఈమె నా పక్కన్నే ఉంది, నా చెయ్యి పట్టుకొని. వసంత మీద ఒట్టు."

కర్ర మెల్లగా దిగింది. దేవమ్మ ఎడమకాలు ఈడ్చుకుంటూ గుడిసెకు నడిచింది.

వసంత జ్వరం దిగి చాలా రోజులైంది. జయపాల్ ఇప్పుడు ఆటో ఎక్కిన ప్రతివాడికీ బొక్కల గుట్ట సంగతి చెప్పి మరీ భయపెడతాడు. అక్కడ ఒకటి కాదు, మూడు దెయ్యాలున్నాయట.

రెండు చిన్నవట.