గోడ అవతలి ఆఫీసు

స్టవ్వు మీద పాలు పొంగి పారుతున్నా కోడలికి పట్టలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని వంటింటి గడప మీద చతికిలబడిపోయింది. కళ్ళవెంట నీళ్ళు ధారలు కడుతుంటే తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు పిచ్చితల్లికి... అత్తగారు పరుగున వచ్చి స్టవ్వు ఆపి, ఏమైందమ్మా అని వీపు నిమిరితే, వెక్కుతూ చెప్పుకొచ్చింది. పై అధికారిణి చీవాట్లు పెట్టిందట. పంపినవాటిలో అన్నీ తప్పులేనట. ఈ నెలలో దారిన పడకపోతే ఇంటి నుంచి పని కుదరదు, పెద్దాఫీసుకే వచ్చెయ్యమందట. అదేమో రైలెక్కి రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళాల్సిన ఊరు. భర్త లారీ తోలే మనిషి, వారంలో సగం రోజులు రోడ్ల మీదే ఉంటాడు. మూతి తుడుచుకోవడం కూడా సరిగా రాని చిట్టిని వదిలిపెట్టి ఏ తల్లి కాళ్ళు కదులుతాయి చెప్పండి...

డాక్టర్లు గబగబా చెప్పి రికార్డు చేసిన మాటలను విని, పొల్లు పోకుండా టైపు చెయ్యడం ఆమె పని. ఎడమ కాలు అన్నచోట కుడి కాలు అని పడితే ఆ రోగి గతేం కాను! కానీ ఆ ఇంట్లో ఆమె చెవులకు తీరికేది? గ్యాసు బండ వచ్చినా, పక్కింటావిడ పిల్లాణ్ణి కాసేపు చూడమన్నా, ఆడపడుచు ఫోనులో గోడు వెళ్ళబోసుకోవాలన్నా అందరి నోటా ఒకటే మాట, ఇంట్లోనేగా ఉంటావని. అత్తగారేం తక్కువ తినలేదు. సూదిలో దారం ఎక్కించడానికి కూడా కోడల్నే కేకేసేది.

ఆ రాత్రి ఆవిడకు కంటి మీద కునుకు లేదు. తెల్లారాక కోడల్ని కూర్చోబెట్టి, "ఇవాళ్టి నుంచి నువ్వు ఇంట్లో ఉండవు. ఆఫీసుకెళ్తావు" అంది.

కోడలు తెల్లబోయింది. ఆవిడ వేసిన ఎత్తేమిటంటే... పొద్దున్నే తయారై, సంచీ తగిలించుకుని, చిట్టికి టాటా చెప్పి, కోడలు వీధి గుమ్మం దాటాలి. సందులోంచి ఇంటి చుట్టూ తిరిగి పెరటి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకోవాలి. సాయంత్రం మళ్ళీ అదే దారిన ఇంటికి రావాలి. మధ్యలో ఎవరూ పిలవడానికి వీల్లేదు. కొడుకు విని పగలబడి నవ్వాడు గానీ, తల్లి చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

వచ్చిన వాళ్ళందరికీ ఒకటే జవాబు, కోడలు ఆఫీసుకెళ్ళిందని. పక్కింటావిడ ఊరుకుంటుందా? "అదేంటండీ, ఇప్పుడే కిటికీలో చూశాను కదా" అని దీర్ఘం తీసింది. "అది ఆఫీసు కిటికీ లెండి. అందులోకి తొంగిచూడటం బాగుండదు" అని అత్తగారు తలుపు వేసేసింది.

నమ్మరు గానీ, ఆ సందు చుట్టూ నడిచి వచ్చేసరికి కోడలి మనసు కుదుటపడేది. తప్పులు తగ్గాయి. నెలాఖరున అధికారిణి తనే ఫోను చేసి, ఇక నువ్వు ఎక్కడికీ రానక్కర్లేదు, ఇంటి నుంచే చేసుకో అంది. ఆ సాయంత్రం కోడలు గాలిలో తేలుతూ వచ్చి వీధి తలుపు తీసింది.

అత్తగారు నేల మీద కూర్చుని, కుడి చెయ్యి నీళ్ళ బకెట్లో పెట్టుకుని ఉంది. ముఖం పాలిపోయింది. పక్కన చిట్టి, నానమ్మ మోకాలు పట్టుకుని బిక్కుబిక్కుమంటోంది. మధ్యాహ్నం మరిగే నీళ్ళ గిన్నె జారి మణికట్టు దాకా ఒలికిందట. అమ్మను పిలుస్తానంటే, అమ్మ ఆఫీసులో ఉంది, సాయంత్రం వస్తుందని నానమ్మ ఆపేసిందని చిట్టి ఏడుస్తూ చెప్పింది.

కోడలు ఆవిడ పాదాల దగ్గర కూలబడింది. "గోడ అవతలే ఉన్నాను కదత్తయ్యా... ఒక్క కేక వెయ్యలేకపోయారా?"

"ఎలా వేస్తానమ్మా? నీ వయసులో నేనూ బట్టలు కుట్టేదాన్ని. మిషన్ ముందు కూర్చుంటే చాలు, ఇంటిల్లిపాదికీ నాతోనే పని పడేది. ఒకరి గౌను చేతులు ఇంకొకరి గౌనుకు కుట్టేసి మాటలు పడి, ఆఖరికి మిషనే అమ్మేశాను. పిలవకండర్రా అని నా తరఫున ఒక్కరూ అడ్డుపడలేదు. అందుకే నిన్ను పిలవబుద్ధి కాలేదు."

కోడలు కళ్ళు తుడుచుకుని లేచింది. కన్నతల్లి కూడా ఇంత చేసి ఉండేది కాదేమో... ఆటో పిలిచి ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్ళి, కట్టు కట్టించి తీసుకొచ్చింది. ప్రాణం మీదికొస్తే ఆఫీసూ గీఫీసూ జాన్తానై, తలుపు బాదాల్సిందేనని అత్తగారి చేత ఒట్టు పెట్టించుకుంది. అప్పుడు గానీ ఉద్యోగం నిలిచిన సంగతి చెప్పలేదు. విని ఆవిడ కట్టు చేత్తోనే కోడలి తల నిమిరింది.

మర్నాడు మధ్యాహ్నం కోడలు అన్నం కలిపి అత్తగారి నోటికి ముద్ద అందించబోతే, ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. ఈ వేళప్పుడు ఇక్కడున్నావేం, వాళ్ళేమీ అనరా అని కంగారు పడింది.

"భోజనానికి ఇంటికెళ్ళొస్తానని చెప్పానత్తయ్యా. మా ఆఫీసు దగ్గరే కదా."

ఆవిడ నవ్వింది. చంటిపిల్లలా నోరు తెరిచింది. ముద్ద నములుతూ, కూరలో ఉప్పు తక్కువైందని గొణుగుతూనే, కళ్ళ నీళ్ళు కనపడకుండా తల వంచుకుంది.