ముసలమ్మ బొటనవేలు

బొమ్మలు వేయడం నేర్పే ఆ బడిలో పై అంతస్తు చివరి గదికి చెడ్డపేరుంది. చీకటి పడ్డాక అందులో ఎవరో నడుస్తారట. పది అడుగులు... ఆగడం... మళ్ళీ పది అడుగులు.

గదికి ఒక చివర పాత గురువుగారు వేశారనే రంగుల బొమ్మ వేలాడుతుంది — సూదిలో దారం ఎక్కిస్తున్న ముసలమ్మ. విద్యార్థి రెండో చివర కూర్చుంటాడు. పది అడుగులు నడిచి, బొమ్మను చూసి, కళ్ళలో దాచుకుని వెనక్కొచ్చి వేయాలి. అచ్చంగా దిగితేనే పై తరగతి. ముసలమ్మ బొటనవేలు తప్పువైపు ఉందని చంటిపిల్లాడైనా చెబుతాడు. పంతుళ్ళు మాత్రం అందులో లోతైన భావముందని తరతరాలుగా బుర్రలూపుతున్నారు.

మన వాణ్ణి తోటివాళ్ళు వెటకారంగా మహానుభావుడనేవారు. నకళ్ళు తీయడమంటే ఎంగిలి మెతుకులు ఏరుకోవడమని అతగాడి ఉవాచ. రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే బడి నుంచి పంపేస్తానని పెద్ద పంతులు, స్వయానా మేనమామే, తేల్చి చెప్పాడు. పగళ్ళన్నీ కబుర్లతో వెళ్ళబుచ్చి, ఆఖరి రాత్రి దీపం పట్టుకుని ఆ గదిలో పనికి దిగాడు ఘనుడు.

అర్ధరాత్రికి బొటనవేలొక్కటే మిగిలింది.

అప్పుడు వినిపించాయి అడుగులు. పది... సరిగ్గా అతని వీపు వెనక ఆగాయి.

"ఆ వేలు నా తప్పు. సరిచేసి వెయ్యి బాబూ."

మహానుభావుడు బొమ్మ మీదికి వంగిపోయాడు. తిరిగి చూడలేదు. ఆ గొంతు గుసగుసగా చెప్పుకుపోయింది — గురువుగారి బొమ్మకు తనూ నకలు తీశాడట. వేలు తప్పని గెంటేశారట. తర్వాత అసలు బొమ్మ అగ్గిపాలైతే, మిగిలిన ఆ నకలునే గురువుగారిదని తగిలించారట. ఇన్నేళ్ళుగా తన తప్పునే భక్తిగా నకలు తీస్తున్న గొర్రెల మందను చూసి నవ్వలేక చస్తున్నాడట... చచ్చాక కూడా.

అంతా విన్నాక మహానుభావుడికి ధైర్యం వచ్చింది. ఇది తనను పరీక్షలో తప్పించడానికి ఎవడో తోటివాడు పన్నిన ఎత్తు. వేలు సరిచేస్తే రేపు తను బడి బయటే కదా.

"పోరా పో. నీ పాఠాలు నాకెందుకు?" అని, వేలిని ఉన్నదున్నట్టు తప్పుగా దింపేశాడు.

వెనక చిన్న నిట్టూర్పు. దీపం ఆరిపోయింది. చీకట్లో పది అడుగులు — ఈసారి గోడ వైపు. మనవాడు మెట్లెలా దిగాడో అతనికే తెలియదు.

తెల్లారి మేనమామ గోడ ముందు కొయ్యబారిపోయాడు. ముసలమ్మ బొటనవేలు సరైన వైపు ఉంది. రంగు ఇంకా తడిగానే ఉంది.

"గురువుగారినే దిద్దేంత మొనగాడివయ్యావా?"

"నేను కాదు మామయ్యా..."

రాత్రి ఆ గదిలోకి వెళ్ళింది అతనొక్కడే. ఎవరు నమ్ముతారు? మేనమామ అతని నకలును అటూ ఇటూ తిప్పి చూసి, వేలు పాతదానిలాగే అచ్చంగా దిగిందని ఒప్పుకుని, పాడైన బొమ్మను దించి దీన్నే తగిలించమన్నాడు. మేనల్లుడికి గుమ్మం చూపించాడు.

గడప దాటుతుంటే చెవి పక్కనే గుసగుస...

"అచ్చం నాలాగే దింపావు."