నల్లదారం కాజా

ఆ కుట్టు కొట్టు తలుపు తీస్తే మళ్ళీ మూసేదాకా రెండు మిషన్ల చప్పుడే. ఒకటి అక్కది, ఒకటి చెల్లెలు చిట్టిది. అక్క మిషను గోడ పక్కన, చెల్లెలిది కిటికీ పక్కన. వెలుతురు పడే చోటు చిన్నదానికే ఇచ్చి పోయింది వాళ్ళమ్మ. ఆవిడ పోయి ఏళ్ళు గడిచినా, పెద్దామెకి ఆ కిటికీ కళ్ళబడితే చాలు, కడుపులో ఎవరో కాలే ఇస్త్రీపెట్టె ఆనించినట్టు ఉండేది.

అంతకంటే పాత కోపం ఇంకోటుంది. చిన్నప్పుడు ఎవరిదో ఖరీదైన కోటుకి బొత్తాం పట్టే కాజా చెల్లెలు మరీ పెద్దగా కోసేసింది. బొత్తాం పెడితే జారి బయటికొచ్చేంత. అమ్మ ఎవరినీ అడగలేదు. పెద్దదాని ఎడమ చెంప మీద ఒక్కటిచ్చింది. చెవిలో ఏదో 'టప్'మంది. ఆనాటి నుంచీ ఆ కర్ణభేరికి చిల్లు. జలుబు చేస్తే కారడం, ఆ పక్కన ఎవరేమన్నా వినపడకపోవడం. చెల్లెలు మాత్రం "కోసింది నేనే" అని నోరు విప్పలేదు. ఇలాంటివి మరిచిపోవాలంటారు. అనేవాళ్ళకేం, చెవి వాళ్ళది కాదుగా.

అమ్మ పోయాక చెల్లెలికో అలవాటు పట్టుకుంది. రెండు చెవుల్లో దూది కుక్కుకునేది. పొద్దు వాలేసరికి మిషను ఆపి, చేత్తో కాజాలు కుడుతూ "ఊఁ... ఊఁ... సరేనమ్మా" అనేది.

"ఎవరితోనే ఆ మాటలు?"

"ఎవరూ లేరక్కా."

"నాకు పోయింది చెవి. కళ్ళు పోలేదు."

చెల్లెలు తలెత్తేది కాదు. "ఆ చెవి బాగు చేయించుకోరాదూ అక్కా? ఇప్పుడు తేలిగ్గా చేసేస్తున్నారట. నేను తీసుకెళ్తాను."

అమ్మ వస్తోంది. పెద్దామెకి అనుమానం లేదు. వస్తోంది, వచ్చి దాని దగ్గరే కూర్చుంటోంది! ఇంకొకరైతే జడుసుకుని జ్వరం తెచ్చుకునేవాళ్ళు. ఈమె కుళ్ళిపోయింది. బతికున్నన్నాళ్ళూ దాన్నే నెత్తిన పెట్టుకుంది, చచ్చాకైనా ఇటు తిరగదా? తనకి కావాల్సింది ఒక్క మాట. 'నీ పని బాగుంది' అని అమ్మ నోటితో ఒక్క మాట. ఆ మాట కోసమే ఆపరేషన్‌కి ఒప్పుకుంది.

చెవి చుట్టూ మత్తు సూదులు పొడిచారు. మొహం మీద గుడ్డ కప్పారు. మెలకువగానే ఉంది. చెవి వెనక కోసి, కండరం మీది పల్చటి పొర కాస్త తీసి, దాన్ని చిల్లుకి లోపలి వైపు ఆనిస్తారట.

"ఏ దారంతో కుడతావమ్మా?" గుడ్డ కింద నుంచి అడిగింది.

డాక్టరమ్మ నవ్వింది. "కర్ణభేరికి కుట్లుండవు పెద్దమ్మా. అతుకు పెట్టి వదిలేస్తే అదే అంటుకుంటుంది. కుట్లన్నీ చెవి వెనకే."

"కుట్టకుండా అతుకా! మా అమ్మ వింటే నీ చెవి పిండేది."

"కదలకండి."

చెవి నిండా మందు గుడ్డ కూరారు. నీళ్ళు తగలనివ్వకూడదు, ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. అన్నీ పాటించింది. చెప్పిన పని సగంలో వదిలేయడం ఆమె ఇంటా వంటా లేదు. కొన్నాళ్ళకి ఆ గుడ్డ తీశారు. ముందుగా తన జుట్టు చెవికి రాసుకునే చప్పుడు వినిపించింది... ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు.

ఆ సాయంత్రం వాన పట్టింది. కరెంటు పోయింది. కొట్లో తడిగుడ్డ వాసన, మిషను నూనె వాసన. చెల్లెలు కిటికీలోంచి వచ్చే ఆఖరి వెలుతురులో కాజా కుడుతోంది. పెద్దామె బాగైన చెవి అటు తిప్పి కూర్చుంది.

గుడ్డలోంచి దారం జారే చప్పుడు కూడా తెలుస్తోంది. సుయ్... సుయ్...

తర్వాత ఇంకో చప్పుడు. దారం కొసని నోట్లో పెట్టుకుని తడిపే చప్పుడు. అమ్మ అలవాటది.

చెల్లెలి నోరు మూసే ఉంది.

"విప్పు."

అమ్మ గొంతే.

"విప్పి మళ్ళీ కుట్టు. పెద్దదైతే ఇంత వంకరగా కుడుతుందా? దాని చెయ్యే చెయ్యి."

పెద్దామె ముందుకి వంగింది. దాని చెయ్యే చెయ్యి! ఇంతకాలం మొహం వాచిపోయింది ఆ మాటకే. అది కూడా తనతో కాదు, చిన్నదానితో! తనకి రావాల్సిన మాటని ఇన్నేళ్ళూ ఇది ఒక్కతే కూర్చుని వింది.

"అమ్మా," అంది గుసగుసగా. "ఇటు రా. ఆ మాట నాతో చెప్పు."

దారం చప్పుడు ఆగింది.

"ఎవరూ... పెద్దదా?"

ఇప్పుడు కిటికీ దగ్గర నుంచి కాదు. గది మధ్య నుంచి.

"నీకు... వినిపిస్తోందా?"

చెవి పక్క నుంచి. తడి దారం వాసన.

చెల్లెలు సూది కింద పెట్టింది. ఒక చెవిలో దూది తీసింది. చెవి రిక్కించి చూసుకుని, రెండో చెవిలోదీ తీసింది. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా విప్పారింది.

"పోయిందక్కా. ఇన్నేళ్ళకి నన్నొదిలి పోయింది."

"ఎక్కడికే?"

చెల్లెలు చేతులు చాపి చూపించింది. వేళ్ళ కొసలు సూదిపోట్లతో జల్లెడలా ఉన్నాయి. "దూది పెట్టినా ఆగేది కాదు. నీ చెవి ఎప్పుడు బాగవుతుందా అని కళ్ళల్లో వత్తులేసుకుని చూశాను," అంది. కత్తిరింపు ముక్కల కుప్ప మీద అలాగే ఒరిగిపోయి గుర్రుపెట్టింది.

పెద్దామె చెవిలో గొంతు పలికింది.

"ఏదీ, నీ పని చూపించు... ఛీ. విప్పు. చిట్టి అయితే ఇలా కుట్టేదా? చిట్టి చెయ్యే చెయ్యి."

అరచెయ్యి అడ్డం పెట్టింది. దిండు అదిమింది. గొంతు తగ్గలేదు. చిట్టి... చిట్టి... చిట్టి... తెల్లారేదాకా విప్పింది, కుట్టింది, విప్పింది.

పొద్దున్నే వెళ్ళి డాక్టరమ్మ ముందు కూర్చుంది. "మళ్ళీ చిల్లు పెట్టెయ్యమ్మా."

"అదేం మాట పెద్దమ్మా! ఎంత చక్కగా అతుక్కుందో చూడండి," అంటూ డాక్టరమ్మ చెవిలోకి సన్నటి గొట్టం కెమెరా పోనిచ్చింది. పక్కనున్న తెర మీద కర్ణభేరి కనిపించింది, ముత్యపు చిప్పలా.

డాక్టరమ్మ నవ్వు సగంలో ఆగింది.

"ఇదేమిటి... నేనిక్కడ కుట్లు వెయ్యలేదే."

పొర మధ్యలో సన్నటి కోత. కోత చుట్టూ నల్లదారం. వెంట్రుకవాసి తేడా లేకుండా, ఇక ఎన్నటికీ పూడకుండా అంచు కట్టిన కాజా. చివరి ముడి ఎడమకి తిప్పి ఉంది. అలా ముడి వేసేది అమ్మ చెయ్యేనని పెద్దామెకి తెలుసు. వంక పెట్టడానికి లేదు.

డాక్టరమ్మ సన్నటి పట్టకారుతో దారం కొసని అందుకోబోయింది. తగిలీ తగలకముందే ఆ కొస మెల్లగా కదిలింది...

లోపలికి. ఎవరో నోట్లో పెట్టుకుని తడపడానికి లాక్కున్నట్టు.