డొల్లగా మోగిన డైలాగు

ఉపేందర్ డైలాగు అందుకున్నాడంటే బొగ్గుబాయి కార్మికులుండే సెంటినరీ కాలనీ కమ్యూనిటీ హాల్లో మైకు అక్కర్లేదు. ఆరేళ్లుగా కాలనీలో ఏ నాటకం వేసినా హీరో అతనే. అలాంటివాణ్ణి కొత్త నాటకం ట్రైనింగ్ మొదటి రోజే, పదిమంది ముందు నిలబెట్టి, నేర్పడానికొచ్చిన అమ్మాయి అడిగిన మాట ఇదీ.

"ఉపేందర్ గారూ, ఎందుకు అరుస్తున్నారు?"

"అరుస్తలేను మేడం. యాక్టింగ్ చేస్తున్న."

"మీ ఎదురుగా మీ భార్య పాత్ర నిలబడి ఉంది. ఇప్పుడు ఆవిడ ఏమందో విన్నారా?"

వినలేదు. ఆమె మాట ఎప్పుడు అయిపోతుందా, తన వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకున్నాడంతే. వెనక నుంచి, హీరో వేషానికే పోటీకొచ్చిన వీరేందర్ కిసుక్కున నవ్వాడు. ఉపేందర్‌కి చెవులు వేడెక్కాయి.

ఆ అమ్మాయి పేరు ధరణి. రిటైరైన మైనింగ్ ఆఫీసర్ భీమశంకరం గారి కూతురు. కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ధరణి హైదరాబాదులో నాటక కళ చదువుకుంది. కార్మికులు వేయబోయే నాటకానికి మూడు వారాలు శిక్షణ ఇవ్వడానికి వచ్చింది. బొగ్గుబాయి కార్మికుడు, అతని భార్య, వాళ్ల అలకలు, ఇదీ నాటకం. మూడో ఆదివారం ఒక్కొక్కరి చేత ఒకే సీను చేయించి హీరో ఎవరో చెబుతానంది.

రోజూ బాయిలోకి దిగేవాడు, బాయి మనిషి వేషమే పోగొట్టుకుంటే రేపు షిఫ్టులో తలెత్తుకుని తిరిగేదెట్లా? ఉపేందర్ పట్టుదలగా ట్రైనింగ్‌కి వచ్చాడు. కోపంగా కూడా వచ్చాడు.

ఆ మొదటి రోజు తర్వాత వారమంతా డైలాగు ఊసే లేదు. నేల మీద పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టించి ఊపిరి పీల్చమంది. పుట్టినప్పటి నుంచి పీలుస్తున్న ఊపిరికి ట్రైనింగ్ ఏందని అతను గొణిగాడు. కానీ ఒక విచిత్రం జరిగింది. ఇదివరకు నాటకం వేస్తే రెండు రోజులు గొంతు పోయేది, తల్లి సారవ్వ ఉప్పునీళ్లు పుక్కిలించమని వెంటపడేది. వారం తిరిగి డైలాగులు మొదలయ్యాక, రెండు గంటలు రిహార్సల్ చేసినా గొంతు గొంతులాగే ఉంది. ఆ మాట ధరణికి చెప్పాలనిపించింది. అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఎందుకని ఊరుకున్నాడు.

రెండో వారం ఓ సాయంత్రం వాన పట్టుకుంది. అందరూ ముందే జారుకున్నారు. హాలు వరండాలో ఇద్దరే మిగిలారు. జల్లు కొట్టినప్పుడల్లా ఆమె ఒక అడుగు ఇటు జరుగుతోంది, అతను మర్యాదగా ఒక అడుగు అటు జరుగుతున్నాడు. ఇక జరగడానికి గోడే మిగిలింది. ఇద్దరూ నవ్వేశారు.

బాయిలో మీ పనేంటని అడిగింది.

"షిఫ్టు ఎక్కంగనే గడ్డపారతోని పైకప్పు కొట్టి చూస్తం మేడం. గట్టిగ మోగితే ఫికర్ లేదు. డొల్లగ మోగిందంటే బండ ఊడుతదన్నట్టు. జల్ది పక్కకు జరగాలె."

"కొట్టేటప్పుడు మనసులో ఏమనుకుంటారు?"

"ఏమనుకోను. వింట, గంతే."

ఆమె ముఖం వెలిగిపోయింది. "నేను నేర్పాలని తంటాలు పడుతున్నది ఇదే. ఎదుటి మనిషి మాటని అట్లా వినండి. మీ జవాబు అందులోంచే వస్తుంది."

వాన ఎప్పుడో ఆగిపోయింది. ఆ సంగతి ఇద్దరిలో ఒకరు కూడా గమనించలేదు.

ఆ మర్నాటి నుంచి ఉపేందర్‌ని పట్టలేకపోయారు. డ్యూటీ దిగడం, స్నానం చేయడం, హాలు తాళం తీయకముందే గుమ్మంలో నిలబడడం. వీరేందర్ మాట ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ కంఠతా పట్టింది అప్పజెబుతున్నాడో అతనికి ఇప్పుడు తెలిసిపోతోంది. భార్య వేషం వేసే జమునకు ధరణి ఒక డైలాగు పదిసార్లు చెప్పి చూపించింది. పదిసార్లూ అది ఊడని గట్టి బండలా మోగింది. ఆ గొంతు వినడం కోసమే తాను పరుగెత్తుకొస్తున్నాడని ఉపేందర్‌కి అర్థమైంది. ఆదివారం అయ్యాక ఆమె హైదరాబాదు వెళ్లిపోతుందని కూడా అర్థమైంది.

ఆదివారం రానే వచ్చింది. వానకు జమున రాలేకపోయింది. భార్య వేషానికి ధరణే నిలబడింది. భీమశంకరం గారు గొడుగు మడిచి వెనక వరసలో కూర్చున్నారు. అందరి వంతూ అయ్యాక చివరగా ఉపేందర్‌ని పిలిచారు.

సీనులో, గొడవపడి షిఫ్టుకు బయలుదేరిన మొగుడితో భార్య అనాల్సిన మాట ఇది. జమునకు పదిసార్లు చెప్పి చూపించిందీ అదే.

"నువ్వొస్తే ఎంత, రాకపోతే ఎంత. నాకు నీతోని పనిలేదు."

దీని తర్వాత మొగుడికి అర పేజీ డైలాగు ఉంది. అరవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఉపేందర్ నోరు తెరిచి ఆగిపోయాడు. జమునకు చెప్పినప్పుడూ, ఇంతసేపు మిగతావాళ్లతో అన్నప్పుడూ గట్టిగా మోగిన మాట, తనతో అనేసరికి డొల్లగా మోగింది.

చేతిలో టిఫిన్ డబ్బా మెల్లగా కింద పెట్టాడు.

"గట్లయితే నా దిక్కు చూసి చెప్పు."

ఆమె చూసింది. చెప్పలేకపోయింది. కళ్లు దించుకుంది.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది వీరేందరే. వేషం నీదే అన్నా అన్నాడు. ధరణి కూడా అదే తీర్పు చెప్పింది, కాకపోతే కాగితంలోకి చూస్తూ చెప్పింది. అంతా గోలగా చాయ్ తాగడానికి బయటికి పోయారు. ఉపేందర్ కదల్లేదు.

"ఆ డైలాగు స్క్రిప్టులో లేదు" అంది ఆమె.

"మీరు చెప్పిన తీరు గూడ స్క్రిప్టుల లేదు మేడం. డొల్లగ మోగింది."

"అది యాక్టింగ్."

"యాక్టింగ్ అయితే గట్టిగ మోగుతుండె. వినుడు మీరే నేర్పిండ్రు." ఊపిరి పొట్టలోకి తీసుకున్నాడు. "నాకైతే మీతోని పనుంది ధరణి. జిందగీ అంత ఉంది."

ఆమె కాగితంతో ముఖం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వు కనిపించింది.

అంతలో వెనక వరసలో ఎవరో దగ్గారు. భీమశంకరం గారు అక్కడే ఉన్నారని ఇద్దరూ మర్చిపోయారు.

"ముప్పై ఏళ్లు పైకప్పులు విన్న చెవులు నావి. అది డొల్లేనమ్మా, అబ్బాయి సరిగ్గానే విన్నాడు." గొడుగు తీసుకుని లేచారు. "బాబూ, వచ్చే ఆదివారం మీ అమ్మానాన్నలతో మా ఇంటికి రా. పెళ్లి మాటలు కాస్త అరవకుండా మాట్లాడుకుందాం."

"వస్త సార్" అన్నాడు ఉపేందర్.

చాలా చిన్నగా అన్నాడు. వెనక వరస దాకా వినిపించింది.