చెవుల కోర్సు

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. పక్కనే నిలబడి ఉండి కూడా ఆమె చూడలేదు. సీట్ల జాబితా ఏడు గంటలకు పెడతారని ఆమెకు తెలుసు. విశ్వవిద్యాలయం అడ్మిషన్ల విభాగంలో పద్నాలుగేళ్లుగా గుమస్తా ఆవిడ. ఏ జాబితా ఎప్పుడొస్తుందో ఆవిడకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అయితే ఈసారి ఆమెకు తెలియాల్సిన దానికంటే ఒక సంగతి ఎక్కువే తెలుసు. అదే చూపును పొయ్యి మీద నిలవనివ్వడం లేదు.

ముందు గదిలో కూతురు ఫోను ఎదురుగా పెట్టుకుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది. ఇంట్లో దాని పేరు పిచ్చుక. మాటలొచ్చిన రోజు నుంచి నోరు మూసింది లేదని తండ్రి పెట్టిన పేరు. ఆ తండ్రి గోడ అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. అచ్చాఫీసులో మెషిన్‌మాన్ అతను. ఇరవై రెండేళ్లు ఆ యంత్రాల మోతలో నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగానికి పైగా. అద్దంలోంచే కూతురి పెదాలను కనిపెడుతున్నాడు.

"వచ్చింది," అంది పిచ్చుక.

"ఎవరొచ్చారు? పొద్దున్నే ఎవరే?"

"ఎవరూ రాలేదు నాన్నా. సీటొచ్చింది. సీటు!"

"ఏ కోర్సు?"

 పిచ్చుక ఫోనును ఇంకోసారి చూసింది. "కంప్యూటర్స్," అంది.

అతను సగం గీసిన గడ్డంతోనే వంటగది గుమ్మం దాకా వచ్చాడు. "విన్నావా? కంప్యూటర్సట!" వినిపించని మనిషి వినిపించే మనిషిని 'విన్నావా' అని అడగడం ఆ ఇంట్లో పాత జోకు. మామూలుగా అయితే ముగ్గురూ నవ్వేవాళ్లు. ఇవాళ అతనొక్కడే నవ్వాడు.

"అమ్మా, నేను మొదట పెట్టింది ఆడియాలజీ కదా," అంది పిచ్చుక లేచి వచ్చి. "కంప్యూటర్స్ రెండోది. మొదటిది రాకపోతేనే కదా రెండోది ఇస్తారు?"

"ఇరవై సీట్లే కదే దాంట్లో. ఎంతమంది పెట్టుంటారో ఏమో."

ఆ అబద్ధం ఎక్కడా తడబడకుండా వచ్చేసింది. రోజుకు రెండు వందల మందికి ఇలాంటి సమాధానాలే చెప్పే నాలుక కదా, దారి దానికి తెలుసు. పిచ్చుక ఫోను పక్కన పడేసింది. వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది.

*

అడ్మిషన్లు జరిగే నెలన్నరా ఆమె కిటికీ ముందు వరస గేటు దాటి రోడ్డెక్కుతుంది. కిటికీ అద్దానికి చిన్న రంధ్రం. అది మరీ కిందకు ఉండటంతో ఎంతటి వాళ్లైనా వంగి మాట్లాడాల్సిందే. వంగి అడిగితే బతిమాలినట్టే ఉంటుంది, ఆమెకు ఇష్టం ఉన్నా లేకపోయినా. మాట్లాడేది ఎప్పుడూ పెద్దవాళ్లే. పిల్లలు వెనకాల నిలబడి తమ చెప్పుల వైపు చూసుకుంటూ ఉంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో "నీకేం చదవాలనుందమ్మా?" అని అడిగేది. వరస ఆగిపోతోందని పై అధికారి చీవాట్లు పెట్టాక ఆ అడగడం మానేసింది.

అందరూ అడిగేది ఒక్కటే కోర్సు, కంప్యూటర్స్. ఒకాయన కన్నీళ్లతో అడుగుతాడు, ఒకావిడ శాపనార్థాలు పెట్టి అడుగుతుంది, ఇంకొకరు ఎవరో పెద్దమనిషి పేరు చెప్పి అడుగుతారు. లేదండీ, లేదమ్మా, లేదు బాబూ. సాయంత్రానికి గొంతు గీరుకుపోయి, ఇంటికొచ్చాక మంచినీళ్లు కావాలన్నా సైగే చేసేది.

ఆ వరసను చూసి చూసే ఆమె ఆ పని చేసింది. ఇంతమంది ఎగబడుతున్నదాన్ని కాదని, తన కూతురు ఎవరూ తొంగిచూడని బోర్డు కిందకు వెళ్లి నిలబడుతుందా? వినికిడి పరీక్షలూ చికిత్సా నేర్పే ఆడియాలజీని ఆఫీసులో 'చెవుల కోర్సు' అనేవాళ్లు. అనేటప్పుడు నవ్వేవాళ్లు కూడా. ఆప్షన్లు మార్చుకోవడానికి ఆఖరి రోజు శనివారం. ఆ మధ్యాహ్నం పిచ్చుక తండ్రిని చెవుల పరీక్షకు ఆసుపత్రికి తీసుకెళ్లింది. దరఖాస్తు తల్లీకూతుళ్లు కలిసి నింపిందే కాబట్టి పాస్‌వర్డు ఆమెకు తెలుసు. ఒకటో వరసలో ఉన్నదాన్ని రెండుకు దించింది. రెండో దాన్ని ఒకటికి ఎక్కించింది. నిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత చేతులు కడుక్కుంది, ఎందుకో.

"తర్వాతి వాళ్లు," అంది తలెత్తకుండా. జాబితా వచ్చిన ఆ రోజు అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది.

రంధ్రంలోంచి ఒక కాగితం లోపలికొచ్చింది. "మేడం, ఒక సందేహం."

ఆ గొంతుకు ఆమె ఉలిక్కిపడింది. "నువ్వా! లైన్లో నిలబడ్డావా ఇంతసేపూ? పక్క తలుపులోంచి రావచ్చు కదే?"

"అందరూ నిలబడుతున్నారు కదా మేడం." పిచ్చుక గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నా ర్యాంకు నాలుగు వేల రెండొందలు. బయట గోడకి అంటించిన జాబితాలో ఆడియాలజీ చివరి సీటు ఐదు వేల తొమ్మిదొందల ర్యాంకుకి వచ్చింది. నాకెందుకు రాలేదు?"

"ఆప్షన్ల వరస చూడాలి..."

"చూశాను. మీ చేతిలో ఉన్నది అదే. అడుగున చూడండి. చివరిసారి మార్చింది శనివారం మూడు నలభైకి. ఆ టైంలో నేను ఆసుపత్రిలో నాన్న పక్కన ఉన్నాను. పాస్‌వర్డు ఇంకెవరికి తెలుసు మేడం?"

ఆ కిటికీలో కూర్చుని పద్నాలుగేళ్లలో ఆమె వినని ప్రశ్న లేదు, చెప్పని జవాబు లేదు. ఇది మాత్రం కొత్తది. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అంది కాగితం వైపే చూస్తూ.

"సరే మేడం."

పిచ్చుక వెళ్లిపోయింది. దాని వెనక ఉన్న మనిషి ముందుకొచ్చాడు. బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి యూనిఫారంతోనే మూడు రోజులుగా వస్తున్నాడు, కొడుకు సీటు కోసం. "మీ అమ్మాయా మేడం? ఏం వచ్చింది?"

"కంప్యూటర్స్."

"అదృష్టవంతురాలు," అన్నాడు అతను మనస్ఫూర్తిగా.

*

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి భర్త అప్పటికే వచ్చి ఉన్నాడు. చొక్కా మీద సిరా మరకలు, చేతిలో చల్లారిపోయిన టీ. పిచ్చుక నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏమైంది?" అన్నాడు అతను ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తూ. "ఇంట్లో చప్పుడు లేదని నాకే తెలుస్తోందంటే ఏదో జరిగినట్టే."

పిచ్చుక తల్లి వైపు తిరిగింది. "ఎప్పుడూ నాన్నకి నేనే కదా చెప్పేది. ఇవాళ నువ్వు చెప్పమ్మా."

ఆమె సంచీ భుజం నుంచి దించకుండానే అంది. "ఆప్షన్లు నేనే మార్చాను."

"ఏంటి? ఏం మార్చావు? బస్సా?"

"ఆప్షన్లు! నేను మార్చాను!"

"ఎందుకు మార్చాలి? సీటొచ్చింది కదా?"

దాచుకోవాలనుకున్న మాట అది. నోట్లోనే ఉండిపోతే బాగుండుననుకున్న మాట. దాన్ని గొంతెత్తి, నలుగురికీ వినపడేలా చెప్తే తప్ప ఈ మనిషికి చేరదు. ఆమె ఊపిరి తీసుకుంది. "దానికి వచ్చే సీటు నేనే పోగొట్టాను! అది మొదట పెట్టుకున్నదాన్ని కిందకి తోసేశాను! దానికి చెప్పకుండా, దొంగతనంగా చేశాను!"

పక్క వాటాలో టీవీ ఆగిపోయింది. అరుపు మొదలుపెట్టాక ఆమెకు ఆపడం చేతకాలేదు. "రోజూ చూస్తున్నాను! ఆ కంప్యూటర్స్ సీటు కోసం మనుషులు ఎలా ఏడుస్తున్నారో! నా కూతురు ఏ కిటికీ ముందూ అలా వంగకూడదనుకున్నాను. తప్పా?"

అతనికి ఈసారి అంతా వినిపించింది. టీ గ్లాసు నేల మీద పెట్టాడు. "నన్నొక మాట అడగాల్సింది," అన్నాడు.

"నిన్నా? నీకు ఒక్క మాట చెప్పాలంటే పదిసార్లు అరవాలి! పొద్దుట్నుంచి అక్కడ అరిచి అరిచి వస్తాను. ఇంటికొచ్చేసరికి నాకు గొంతెక్కడ మిగులుతుంది?"

అనేశాక తనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఎన్నడూ అతని చెవుల గురించి పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు అనేసింది, అదీ కూతురి ముందు.

అతనికి కోపం రాలేదు. "తెలుసు," అన్నాడు. "నువ్వు నాకు రోజుకి మూడు మాటలు చెప్తావు. అన్నం పెట్టాను. తలుపేసుకో. లైటార్పు. నేనేం తప్పు పట్టడం లేదు. అలిసిపోయి వస్తావు, నాకు కనపడుతుంది కదా. కానీ ఇది రోజూ నా ఎదురుగా కూర్చుంటుంది. బస్సులో ఎవరెవరు తిట్టుకున్నారో కూడా చెప్తుంది. నెమ్మదిగా, పెదాలు కనపడేలా. నీ కబుర్లు కూడా దీని దగ్గరే వింటాను. పోయిన నెల ఆఫీసులో కళ్లు తిరిగి పడిపోయావట. నాకు ఇది చెప్తేనే తెలిసింది."

ఆమె సంచీతో సహా అలాగే కూలబడింది.

పిచ్చుక మోకాళ్లు దగ్గరకు లాక్కుంది. ఇద్దరికీ అందేలా, ముఖం పైకెత్తి మాట్లాడింది. "శనివారం పరీక్ష చేసినావిడ అక్కడి మిషనే ఒకటి నాన్న చెవికి పెట్టి చూసింది. అది చెవికి సరిచేశాక నన్ను నాన్న వెనకాల నిలబడి పిలవమంది. నేను 'నాన్నా' అన్నాను. అరవలేదు, మామూలుగానే. వెంటనే వెనక్కి తిరిగాడమ్మా. నా నోరు చూడకుండా. నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. అప్పుడు టైం మూడున్నర దాటింది." జడ వెనక్కి తోసుకుంది. "అక్కడ అంతమందికీ ఆవిడ ఒక్కతే. బయట నలభై మంది కూర్చున్నారు. ఒక ముసలావిడ పొద్దున ఆరింటికి వచ్చిందట. మన వంతు రావడానికే మూడు నెలలు పట్టింది. నీ కిటికీ ముందే కాదమ్మా, అక్కడా లైనుంది. నువ్వు చూళ్లేదు, అంతే."

ఆమె ఏడవడం మొదలుపెట్టింది. ఏడుపుకు కూడా ఓపిక లేనట్టు, చప్పుడు లేకుండా, కారిపోనిచ్చింది. ఏం చదవాలనుందమ్మా అని ఎవరెవరి పిల్లలనో అడిగి, ఆ అడగడం మానేసిన మనిషి తను. సొంత పిల్లను మాత్రం అదే ఎందుకు చదవాలనుందని ఒక్కసారీ అడగలేదు. అడగక్కర్లేదనుకుంది, తల్లిని కదా అని.

పిచ్చుక దగ్గరకు రాలేదు. కానీ లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

*

మర్నాడు ఆమె సెలవు పెట్టింది. పెట్టి, కూతురితో కలిసి తన కిటికీ ముందున్న వరసలోనే నిలబడింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబడితే గానీ వంతు రాలేదు. వంగితే నడుము ఎక్కడ పట్టేస్తుందో, లోపలి మనిషి తలెత్తకపోతే ఎలా ఉంటుందో ఆమెకు ఆ రోజు తెలిసింది.

ఆమె బదులు కూర్చున్న గుమస్తా కంగారుపడి లేచాడు. "మీరేంటి మేడం ఇక్కడ? సీటు వదులుకుంటారా? కంప్యూటర్సా? వదిలితే మళ్లీ రాదని నేను మీకు చెప్పాలా?"

"మా అమ్మాయిని అడుగు," అంది ఆమె పక్కకు జరిగి.

సీటొచ్చినా వద్దని రాసిచ్చినవాళ్ల వల్ల ఆడియాలజీలో అప్పటికే మూడు సీట్లు ఖాళీ పడ్డాయి. వాటికి రెండో విడత జాబితా వేస్తారు. అందులో ఎంతమంది పోటీ పడతారో ఎవరూ చెప్పలేరు. చేతిలోది వదిలాక అదీ రాకపోతే ఏడాది ఖాళీ. పిచ్చుకకు ఇదంతా తెలుసు. దాని చెయ్యి ఒక్క క్షణం ఆగింది, తర్వాత సంతకం పెట్టేసింది. కింద తల్లిదండ్రుల సంతకం చోట ఆమె పెట్టింది. వదిలేసిన కంప్యూటర్స్ సీటు డ్రైవరు కొడుక్కి వెళ్లిందో, ఇంకెవరికి వెళ్లిందో ఆమె కనుక్కోలేదు.

జాబితా రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ పిచ్చుక తల్లితో అవసరమైనంతే మాట్లాడింది. అన్నం తిన్నాను. బయటికెళ్తున్నా. తలుపేశాను. అలాంటి మూడు మాటలతో బతకడం ఎలా ఉంటుందో ఆమెకు అర్థమైంది. అడిగే హక్కు లేదనిపించి, ఊరుకుంది. ఆఫీసులో మాత్రం ఒక మార్పు వచ్చింది. వెనకాల చెప్పులు చూసుకుంటూ నిలబడ్డ పిల్లలను ముందుకు పిలిచి, ఒక్కొక్కరినీ ఒక్క ప్రశ్న అడిగేది. వరస నెమ్మదించింది. పై అధికారి మళ్లీ చీవాట్లు పెట్టాడు. ఆమె విని, మళ్లీ అడిగింది.

పన్నెండో రోజు సాయంత్రం ఆమె ఇంకా బస్సులో ఉండగానే జాబితా పెట్టారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా పిచ్చుక ఎదురొచ్చింది. ఫోను చేతికిచ్చింది. మూడు సీట్లలో చివరిది. ఆమె రెండుసార్లు చదివింది. అక్షరాలు అలికినట్టయ్యాయి.

"నాన్నకి చెప్పావా?"

"లేదు," అంది పిచ్చుక. చాలా రోజుల తర్వాత తల్లి కళ్లలోకి చూసింది. "నువ్వు చెప్తావని ఆగాను."

భర్త కిటికీ దగ్గర పేపరు చదువుకుంటున్నాడు. ఆమె వెళ్లి పేపరు పక్కకు తీసి, ఎదురుగా కూర్చుంది. మోకాళ్లకు మోకాళ్లు తగిలేంత దగ్గరగా. ముఖం వెలుగులో ఉండేలా సర్దుకుంది. అరవలేదు. ఒక్కొక్క మాటా విడివిడిగా, పెదాలు కనపడేలా పలికింది.

"పిచ్చుకకి సీటొచ్చింది. అది కోరుకున్నదే."

అతని ముఖం విచ్చుకుంది. కూతురి వైపు చూసి, మళ్లీ భార్య వైపే తిరిగాడు. ఆమె లేవబోయింది, పొయ్యి మీద ఏదో పెట్టాలి కదా అని. అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంకా?" అన్నాడు.

ఆమె మళ్లీ కూర్చుంది. పొద్దున బస్సు దొరకకపోవడం దగ్గర మొదలుపెట్టి, ఆ రోజంతా చెప్పసాగింది.