టాంగాలో డబుల్ బేస్

“ఆగండాగండి! శవాన్ని ప్యాసింజర్ పెట్టెల ఎక్కియ్యొద్దు!”

అల్వాల్ స్టేషన్‌లో ఆ కేక వినగానే రైలు కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. కేక వేసినవాడు కొత్తగా డ్యూటీలో చేరిన టికెట్ కలెక్టర్ ఆర్థర్. నల్లకోటు కొత్తది. మీసం కూడా దాదాపు కొత్తదే.

అతని ఎదురుగా మనిషంత పొడవున్న కాన్వాసు మూట ఒకటి ఉంది. దాని తలవైపు ఓ అమ్మాయి, కాళ్లవైపు నెరిసిన గడ్డంతో ఓ టాంగావాలా పట్టుకుని మెట్టు ఎక్కించబోతున్నారు.

“శవమా?” అంది అమ్మాయి. “సార్, జెర కండ్లు తెరిచి చూడండి. ఇది డబుల్ బేస్.”

“అంటే?”

“వాయించేది. ఫిడేలు చూసిండ్రు గదా? దానికి పెదనాయన.”

కిటికీల్లో నవ్వులు. ఆర్థర్ చెవులు ఎర్రబడ్డాయి.

“ఏదైనా గానీ, గింత పెద్ద సామాను బ్రేక్‌వ్యాన్‌ల వెయ్యాలె. రూలు.”

“బ్రేక్‌వ్యాన్‌ల దీని మీద ఉల్లిగడ్డ బస్తాలు పడేస్తరు. పోయినసారి మెడ దగ్గర పగిలింది. నేను వెయ్య.”

“అయితే మీరు సుత ఎక్కొద్దు.”

“ఎక్కుత.”

గార్డు ఈల వేశాడు. ఆ అమ్మాయి వాద్యాన్ని సగం లోపలికి, సగం బయటికి తలుపులో నిలబెట్టి, దాన్ని ఆనుకుని చేతులు కట్టుకుంది.

“ఇగ బండి ఎట్ల కదులుతదో చూస్త.”

“సలోమీ, వద్దు బేటీ,” అన్నాడు టాంగావాలా ఇమామ్, కానీ అతని గడ్డంలో నవ్వు దాగడం లేదు.

గార్డు రెండోసారి ఈల వేశాడు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆర్థర్ గార్డు వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, తలుపులో నిలబడిన అమ్మాయి వైపు చూశాడు. ఆమె మాత్రం ఎటూ చూడలేదు, నేరుగా అతన్నే చూసింది.

“సరే, లోపలికి జరపండి. గానీ ఇది ఎవరి కాళ్ల మీద పడ్డా జవాబు చెప్పేది నేనే. అందుకని సికిందరాబాద్ దాకా నేనే పట్టుకుంట.”

అలా 1948 జూన్‌లో ఓ శనివారం, ఆర్థర్ ఒక చేత్తో డబుల్ బేస్‌ను, ఇంకో చేత్తో రైలు కమ్మీని పట్టుకుని ప్రయాణం చేశాడు. సలోమి అటువైపు నిలబడింది. ఇద్దరి మధ్యా వాద్యం. బండి ఊగినప్పుడల్లా ఒకరి ముఖం ఒకరికి కనబడేది, మళ్లీ దాని మెడ చాటుకు పోయేది.

“ఇది నిజంగ మీరే వాయిస్తరా?”

“లేదు, ఊరికే తిప్పుకొస్తున్న. దీనికి గాలి తగలాలెనట.”

ఆర్థర్‌కు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు గానీ ఆగలేదు. ఆమె కూడా నవ్వి, కాన్వాసు తాళ్లు కాస్త వదులు చేసి, అన్నిటికన్నా లావు తీగను వేలితో మీటింది. రైలు చప్పుడులో ఆ నాదం చెవికి ఆనలేదు. కానీ చెక్క మీదున్న ఆర్థర్ అరచేతిలోంచి మోచేతి దాకా ఏదో పాకింది. అతను చెయ్యి తీయలేదు.

“వినబడ్డదా?” అంది సలోమి.

“చేతికి వినబడ్డది.”

ఆ జవాబు ఆమెకు నచ్చింది. నచ్చిందని మాత్రం చెప్పలేదు.

*

సలోమి తండ్రి జకర్యా తిరుమలగిరి మిలిటరీ పల్టన్ బ్యాండులో బేస్ వాయించేవాడు. తెల్లవాళ్లు సామాను సర్దుకుని ఓడెక్కినప్పుడు, పెట్టెలో పట్టని ఆ వాద్యాన్ని అతనికే వదిలేశారు. ఆ ఏడే పక్షవాతం వచ్చి అతని ఎడమ చెయ్యి పడిపోయింది. కుడిచేత్తో కమాను లాగగలడు. తీగలు నొక్కే చెయ్యి లేదు. అప్పుడు సలోమి పక్కన నిలబడి తీగలు నొక్కింది. ఒక పాటను తండ్రీ కూతుళ్లు చెరో చేత్తో వాయించారు. మెల్లగా కమాను కూడా ఆమె చేతికొచ్చింది.

పగలు ఆమె అల్వాల్ మిషన్ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేది. శనివారం సికిందరాబాద్‌లో రిహార్సల్. గడియారస్తంభం దగ్గరి హాల్లో ప్రభుదాస్ అనే చర్చి పెద్ద ఓ చిన్న ఆర్కెస్ట్రా నడుపుతున్నాడు. బేస్ వాయించే మగవాడు దొరకక ఆమెను తీసుకున్నాడు. ఆ సంగతి ప్రతి రిహార్సల్‌లోనూ ఆమెకు గుర్తుచేసేవాడు.

పక్కింటి ఇమామ్ టాంగాలో స్టేషన్‌కు రావడం, స్టేషన్‌లో ఆర్థర్ ఎదురురావడం, ఇద్దరూ వాద్యాన్ని చెరో వైపు పట్టుకోవడం అలవాటైపోయింది. దాన్ని నిలువుగా కాదు, పక్కకు వంచి ఎక్కించాలని ఆర్థర్ నేర్చుకున్నాడు. వాన పడితే తన కోటు విప్పి దాని భుజాల మీద కప్పేవాడు.

“నేను సుత తడుస్తున్న సార్,” అనేది సలోమి.

“మీకు జలుబే గదా చేస్తది. దీనికి అతుకులు ఊడిపోతయి.”

“మంచిగ నేర్చుకున్నరు!”

ఆగస్టులో ఓ సాయంత్రం సికిందరాబాద్ ప్లాట్‌ఫారం మీద ఆర్థర్ చాలాసేపు తటపటాయించి నోరు తెరిచాడు.

“సలోమి గారూ, మీరు ఫిడేలు నేర్చుకోవచ్చు గదా?”

“ఎందుకు?”

“చిన్నగ ఉంటది. మోసుడు తక్లీఫ్ ఉండదు. మా అమ్మ సుత... అంటే, మీ గురించి ఇంట్ల చెప్పిన. అమ్మ గుంటూరు నుంచి వచ్చిన మనిషి. ఆడపిల్ల నలుగురిల నిలబడి గంత పెద్దదాన్ని వాటేసుకుని వాయిస్తే బాగుండదని...”

మాట పూర్తయ్యేలోపే తను చేసిన పొరపాటు అతనికి అర్థమైంది. సలోమి ముఖంలో నవ్వు ఎవరో గుడ్డతో తుడిచినట్టు పోయింది.

“మీ అమ్మకు బాగుండదు. మరి మీకు?”

ఆర్థర్ వెంటనే జవాబు చెప్పలేదు. అదే అతని రెండో పొరపాటు.

“నాకు మోసేటోళ్లు దొరుకుతరు సార్,” అంది ఆమె. “నన్ను చిన్నగ చేసి మోద్దమనుకునేటోళ్లు మాత్రం నాకొద్దు.”

ఆ మరుసటి శనివారం ఆమె స్టేషన్‌కు రాలేదు. ఇమామ్ టాంగాలోనే సికిందరాబాద్ దాకా రోడ్డు మీద పోయింది. గుర్రానికి దూరమే, వాద్యానికి కుదుపే, ఆమె నడుముకూ నొప్పే. అయినా పోయింది. ఆర్థర్ ప్రతి శనివారం అల్వాల్‌లో రైలు దిగి చూసేవాడు. ప్లాట్‌ఫారం ఖాళీగా ఉండేది.

*

ఆ రోజుల్లో ఊరంతా పరేషాన్‌లో ఉంది. రజాకార్ల భయంతో పల్లెల నుంచి కుటుంబాలు పారిపోయి వచ్చి చర్చి ఆవరణల్లో తలదాచుకుంటున్నాయి. ఇమామ్ మాత్రం ప్రతి శనివారం బండి కట్టాడు. దారిలో ఎవరైనా అడ్డగిస్తే, “మా ఇంటి పిల్ల. నేను తీస్కపోతున్న,” అని ముందుకు పోనిచ్చేవాడు.

సెప్టెంబరులో ఇండియా సైన్యం సరిహద్దు దాటింది. రైళ్లు ఆగిపోయాయి. వారం తిరక్కముందే నిజాం లొంగిపోయాడు. జనం రోడ్ల మీదికొచ్చి జెండాలు ఊపారు. జకర్యా ఇంట్లో కూడా పరమాన్నం వండారు. సలోమి ఓ గిన్నెలో పోసుకుని పక్కింటికి తీసుకెళ్తే, తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది.

“రహమత్‌బీ చాచీ, నేనే.”

ఇమామ్ భార్య తలుపు వారగా తెరిచింది. కళ్లు వాచి ఉన్నాయి. “ఆయనను బయటికి పోనిస్త లేను బిడ్డా. టోపీ చూస్తే కొడుతున్నరంట.”

సలోమి గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నిన్నటిదాకా ఒక ఇంట్లో ఉన్న భయం గోడ దూకి పక్కింట్లోకి వచ్చి కూర్చుంది.

అక్టోబరు మొదట్లో, చర్చి ఆవరణల్లో ఉన్న కుటుంబాల సహాయం కోసం ప్రభుదాస్ కచేరీ పెట్టాడు. ఆ సంగతి చెప్పడానికి స్వయంగా అల్వాల్ వచ్చాడు.

“లారీ పంపిస్త. ఆ తురకోని టాంగాల మాత్రం రావద్దు. దినాలు మంచిగ లేవు.”

“రజాకార్లున్న దినాలల్ల నన్ను తీస్కొచ్చింది ఆయనే గదా అంకుల్?”

“అప్పటి మాట వేరు.”

“నాకు వేరు కాదు. ఇమామ్ చాచా టాంగాలనే వస్త. లేకుంటే బేస్ రాదు, నేను రాను.”

ప్రభుదాస్ జకర్యా వైపు తిరిగాడు. “నువ్వన్న చెప్పు.”

జకర్యా కూతురి వైపు చూసి, బాగున్న చేత్తో మోకాలు చరిచాడు. “నాకు ఒక్క చెయ్యే పడిపోయింది ప్రభుదాసూ. సిగ్గు పడిపోలే. పిల్ల చెప్పిందే నా మాట.”

ఇమామ్‌ను ఒప్పించడం కష్టమైంది. “నా వల్ల నీకు ఏమన్నా అయితే?” అన్నాడు.

“నాకేమైతదో నేను చూసుకుంట. నువ్వు ఇంట్ల కూసుంటే గుర్రం ఏం తింటది చాచా?”

కచేరీ రోజు మధ్యాహ్నం ఇమామ్ గుర్రాన్ని కట్టాడు. టోపీ తీసి జేబులో పెట్టుకోబోతుంటే సలోమి అతని చెయ్యి పట్టుకుంది. “ఎప్పటిలెక్కనే పెట్టుకో.”

వాద్యాన్ని టాంగాలోకి ఎక్కించబోయేసరికి రెండో వైపు ఎవరో పట్టుకుని, సరిగ్గా పక్కకు వంచారు. చూస్తే ఆర్థర్.

“లారీ సంగతి, మీరు కాదన్న సంగతి ఊరందరికి తెలుసు,” అన్నాడు. “నేను సుత వస్త.”

“కాపలాకా?”

“కాదు. మోసేతందుకు. రానిస్తేనే.”

ఆమె వాద్యాన్ని లోపలికి జరిపింది. వద్దని మాత్రం అనలేదు. ఆర్థర్ ముందు ఇమామ్ పక్కన కూర్చున్నాడు.

కార్ఖానా బస్తీ దాటాక పదిమంది కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. ఒకడి చేతిలో కత్తి. వాడు గుర్రం కళ్లెం పట్టుకుని ఇమామ్ టోపీ వైపు చూశాడు, తర్వాత కాన్వాసు మూట వైపు చూశాడు.

“ఏముందిరా అండ్ల? తుపాకులా?”

“డబుల్ బేస్,” అంది సలోమి.

“గదేం గన్ను?”

ఆర్థర్‌కు ఆ క్షణంలో కూడా నవ్వొచ్చేదే, కత్తి కాన్వాసు మీదికి రాకపోయుంటే. అతను దూకి వాద్యానికీ కత్తికీ మధ్య నిలబడ్డాడు.

“కోస్తే నన్ను కొయ్యి. దాన్ని ముట్టకు.”

“జరుగు ఆర్థర్,” అంది సలోమి. గారూ లేదు, సారూ లేదు. “నేనే ఇప్పుత.”

సన్నగా వాన పడుతోంది. ఆమె తాళ్లు విప్పి, కాన్వాసు తీసేసి, వాద్యాన్ని రోడ్డు మీద దించింది. ఆర్థర్ భుజం ఆనించి పట్టుకున్నాడు. ఆమె కమాను ఎత్తి లావు తీగ మీద నిదానంగా లాగింది. గుర్రం చెవులు రిక్కించింది. కుర్రాళ్లలో ఒకడు గుండె మీద చెయ్యి పెట్టుకుని, “అరే, ఈడ మోగుతుందిరా!” అన్నాడు. ఇంకొకడు నవ్వాడు. పక్క ఇళ్లల్లోంచి ఆడవాళ్లు బయటికొచ్చారు.

కత్తి ఉన్నవాడు మాత్రం నవ్వలేదు. “సరే, మీరు పోండి. ఆ ముసలోడు దిగాలె.”

“ఆయన దిగడు,” అంది సలోమి.

“దిగితే మేం సుత దిగుతం,” అన్నాడు ఆర్థర్. “అందరం ఈడనే కూసుంటం. వానల ఈమె వాయిస్తది, మీరు వినండి. పొద్దుగూకేదాంక మాకేం పని లేదు.”

ఇమామ్ పగ్గాలు వదల్లేదు. వీపు నిటారుగా ఉంది. “నలభై ఏండ్లసంది ఈ రోడ్డు మీద తోలుతున్న బిడ్డా,” అన్నాడు కత్తి ఉన్నవాడితో. “మీ అమ్మను సుత ఎక్కించుకునే ఉంట.”

గుమ్మంలో నిలబడ్డ ఓ ఆవిడ, “ఎక్కించుకున్నడు! దవాఖానకు తీస్కపోయిండు,” అంది గట్టిగా. ఆవిడ ఎవరి తల్లో గానీ, కుర్రాళ్లు ఒక్కొక్కరే పక్కకు జరిగారు. కత్తి ఉన్నవాడు ఉమ్మేసి, కళ్లెం వదిలేశాడు.

తడికి ఒక తీగ తెగింది. సలోమి ఆ సాయంత్రం మిగిలిన మూడు తీగలతోనే వాయించింది. కచేరీ మొదలయ్యే ముందు, “టాంగావాలాలు బయట ఉండాలె,” అని ప్రభుదాస్ అంటున్నా వినకుండా ఇమామ్‌ను తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆ పక్క కుర్చీలో తెల్లచీర కట్టుకున్న ఓ పెద్దావిడ ఉంది. ఆమె ఆర్థర్ తల్లి మార్త. కుర్చీ కాస్త జరిపి ఇమామ్‌కు చోటిచ్చింది.

కచేరీ అయ్యాక వరండాలో వాన చూస్తూ నిలబడ్డ సలోమి దగ్గరికి ఆర్థర్ వచ్చాడు.

“ఆ రోజు మీరు అడిగిండ్రు గదా, ‘మరి మీకు?’ అని. జవాబు లేటయింది.”

“రైలోళ్లకు లేటు అలవాటే.”

“నాకు నువ్వు ఉన్నట్టే కావాలె సలోమీ. వాద్యం గింతే పెద్దగ, నోరు గింతే గట్టిగ. నన్ను చేసుకుంటవా?”

ఆమె వాన వైపే చూస్తూ అంది, “జెర లేటయినా మంచిగనే చెప్పినవ్.” చేసుకుంటానని ఆమె అన్నది అంతే. ఆర్థర్‌కు అది చాలింది.

“అబ్బాయ్, నన్ను మాట్లాడనిస్తావా?” వెనకనుంచి మార్త గొంతు. ఆమె సలోమిని పైనుంచి కిందికి చూసింది. “నువ్వు వాయిస్తుంటే చూశాను. కొడుకు చెప్పినప్పుడు వేరేలా అనుకున్నాను. పొరపాటు నాదే. పెళ్లి జనవరిలో పెట్టుకుందాం. మరి పెళ్లిలో బేస్ ఎవరు వాయిస్తారు?”

“నేనే అత్తయ్యా.”

“పెళ్లికూతురివా! మా వైపు పెళ్లికూతురు తల వంచుకుని నిలబడుతుందే!”

“తల వంచుకునే వాయిస్త,” అంది సలోమి. “తీగలు కిందనే గదా ఉంటయి.”

మార్త ముందు నోరు తెరిచింది, తర్వాత పైట నోటికి అడ్డం పెట్టుకుని కడుపుబ్బా నవ్వింది.

జనవరిలో అల్వాల్ చర్చిలో పాదిరిగారు ఆశీర్వాదం చెప్పాక, సలోమి చేతిలోని పూలు రహమత్‌బీకి ఇచ్చి, ముసుగు వెనక్కి తోసుకుని, కమాను అందుకుంది. ప్రభుదాస్ ఏదో అనబోయాడు. ఆ మాట ఎవరికీ వినబడలేదు.