సీటు కింద బుస

సోమవారం మధ్యాహ్నం మూడు నలభై. ఖోన్ కేన్ బైపాస్ మీద 'థవాట్ సౌండ్' దుకాణం.

రైస్ మిల్లు ఓనరు వన్‌లోప్ తన కొత్త పికప్ ఎక్కి అద్దం వైపు చూశాడు. అద్దానికి పూలదండ ఉంది. దండతో పాటు వేలాడాల్సిన బుద్ధుడు లేడు.

బుద్ధుడి రూపు అచ్చేసిన, బొటనవేలి గోరంత మట్టి బిళ్ళ. చుట్టూ బంగారు చట్రం. వన్‌లోప్ తాత కాలం నాటిది. అమ్మితే ముప్పై లక్షల బాత్ పలుకుతుందని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటాడు. అంత విలువైనదాన్ని అద్దానికి తగిలించి, బండిని పరాయి దుకాణంలో వదిలేసిన తన తెలివి గురించి మాత్రం ఎవరికీ చెప్పడు.

వెంటనే షట్టరు దించారు. నాలుగింటికి పోలీసులు వచ్చారు.

దుకాణంలో ముగ్గురున్నారు. ఓనరు థవాట్. బండికి యాంప్లిఫయర్ బిగించిన మెకానిక్ క్రియెంగ్. వన్‌లోప్ వెంట వచ్చి, వెయిటింగ్ కుర్చీలో గుర్రుపెట్టి నిద్రపోయిన బావమరిది పోంగ్. ముగ్గురినీ మేజోళ్ళ దాకా విప్పించారు. దుకాణం వెతికారు. బండి వెతికారు. బిళ్ళ దొరకలేదు.

దొరికింది ఒక్కటే. క్రియెంగ్ పాత కేసు. పన్నెండేళ్ళ కిందట మోటార్ సైకిళ్ళు దొంగిలించి జైలుకు వెళ్ళాడు. హెడ్ కానిస్టేబుల్ బున్‌మీకి అంతకంటే ఏం కావాలి? క్రియెంగ్‌ని లాకప్‌లో వేసి, ఇంటికి వెళ్ళి హాయిగా పడుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ సాయ్‌ఫోన్ బ్యాంకాక్ ట్రైనింగ్ నుంచి బుధవారం పదకొండున్నరకి తిరిగొచ్చింది. యాభై దాటిన మనిషి. ఎదుటివాడు నోరు తెరవకముందే వాడి మీద ఆవిడకి ఒక అభిప్రాయం ఉంటుంది. అది మంచి అభిప్రాయమైన సందర్భాలు తక్కువ.

జిగురన్నం, కాల్చిన కోడి పొట్లం టేబుల్ మీద విప్పింది. బున్‌మీ ఎదురుగా నిలబడ్డాడు.

"చెప్పు."

"దొంగ దొరికాడు మేడమ్. నాలుగింటికి కోర్టులో అప్పజెబితే మన పని అయిపోయినట్టే."

"సొత్తు?"

"అది దొరకలేదు."

"ఒప్పుకున్నాడా?"

"లేదు. అసలు నోరే విప్పడు."

"సొత్తు లేదు. ఒప్పుకోలేదు. మరి వాడే దొంగ అని నీకెలా తెలిసింది? మీ ఆవిడకి కలొచ్చిందా?"

"పాత నేరస్థుడు మేడమ్. ఆ రోజు పొద్దుటి నుంచి బండిలో ఒక్కడే పని చేశాడు. ఎప్పుడో కొట్టేసి, వెనక సందులోంచి ఎవరికో అందించేసి ఉంటాడు."

"ఎవరికి?"

బున్‌మీ టోపీ సర్దుకున్నాడు.

"బండిలో ఎక్కడెక్కడ వెతికావు?"

"డాష్‌బోర్డు, తలుపుల అరలు, సీటు సంచులు..."

"సీట్ల కింద?"

"టార్చి వేసి చూశాను. డ్రైవర్ సీటు కింద కొత్త యాంప్లిఫయర్ బిగించి ఉంది. ఇంకేం లేదు." బున్‌మీ కాస్త నొచ్చుకున్నాడు. "అయినా బుద్ధుడి బిళ్ళని సీటు కింద ఎవరు పెడతారు మేడమ్? నడుము కిందికి దించితేనే మహాపాపం. దొంగైనా చొక్కా జేబులోనే పెట్టుకుంటాడు, ప్యాంటు జేబులో పెట్టుకోడు."

"దొంగల భక్తి మీద నీకు బాగా నమ్మకం," అంది సాయ్‌ఫోన్. కోడి కాలు కొరికింది.

పన్నెండింటికి వన్‌లోప్ వచ్చాడు. వెనకే పోంగ్. వన్‌లోప్ చేతులు జోడించాడు. జోడించాడనడం మన మర్యాద. ఆ చేతులు పొట్ట దాటి పైకి రాలేదు. మిల్లు కూలీలకి విసిరే నమస్కారం అది. తన పైవాళ్ళకి పెట్టేటప్పుడు అవే చేతులు నుదుటిదాకా లేస్తాయని ఊరందరికీ తెలుసు.

"ఇన్‌స్పెక్టరమ్మా, వాడికి నాలుగు తగిలించి కక్కించరేం? ఆడ ఆఫీసరు వచ్చిందంటే ఇంతే కాబోలు."

"ఇంకేమైనా ఉందా?"

"ఉంది. ఆ వెధవ నా బండిని కూడా పాడుచేశాడు. లోపల పాము దూరినట్టు ఒకటే బుస! పాట పెట్టినా బుసే, ఆపినా బుసే."

బున్‌మీ కిసుక్కున నవ్వాడు. "అయ్యా, ఇది పోలీస్ స్టేషన్. పాటల రిపేర్లు ఇక్కడ..."

"నువ్వు నోరు ముయ్," అంది సాయ్‌ఫోన్. తినడం ఆపింది. "ఎప్పటి నుంచి ఈ బుస?"

"సోమవారం దుకాణం నుంచి ఇంటికెళ్తుంటే మొదలైంది."

"అంతకుముందు?"

"లేదు. మూడింటికి ఆ పొగరుబోతు మెకానిక్ నన్ను కూర్చోబెట్టి మరీ వినిపించాడు. పాట ఆపి, నా చెవి స్పీకరుకి ఆనించమన్నాడు. చీమ నడిచినా వినపడేలా ఉంది లోపల. బుస గిస ఏం లేదు."

"తర్వాత?"

"ఆకలేసి పక్కన నూడుల్స్ కొట్టుకెళ్ళాను. వాడినీ రమ్మన్నాను."

"ఎంతసేపున్నాడు మీతో?"

"మూడు నలభై దాకా. నా డబ్బుతో రెండు గిన్నెలు మెక్కాడు."

"థవాట్?"

"దుకాణంలోనే ఉన్నాడు. పాపం, ఎంత మంచివాడు! మంగళవారం పొద్దున్నే తనే ఫోన్ చేసి, బుసేమైనా వస్తోందా అన్నగారూ అని అడిగాడు. ఫ్రీగా చూస్తానన్నాడు. ఇంకెవరి చెయ్యీ పడనివ్వొద్దన్నాడు. ఇవాళ మూడింటికి పోంగ్ బండి తీసుకెళ్తాడు."

సాయ్‌ఫోన్ లేచి చేతులు కడుక్కుంది. "బండి తాళం ఇవ్వండి."

సాయ్‌ఫోన్ మాజీ భర్తకి కారు స్టీరియోల పిచ్చి. జీతమంతా స్పీకర్లకే తగలేసేవాడు. ఎనిమిదేళ్ళ ఆ కాపురంలో ఆవిడకి మిగిలింది రెండే. ఒకటి, మొగవాళ్ళ మీద విరక్తి. రెండు, ఈ బుస గురించిన జ్ఞానం.

స్టేషన్ ఆవరణలో పికప్ ఎక్కి తలుపు వేసుకుంది. తాళం తిప్పింది. ఇంజను ఆన్ చెయ్యలేదు. స్టీరియో వాల్యూమ్ సున్నాకి దించింది.

స్స్స్స్.

వాల్యూమ్ కొంచెం పెంచింది. పాట పెరిగింది. బుస పెరగలేదు. ఇంజను ఆన్ చేసి యాక్సిలరేటర్ తొక్కింది. బండి అరిచింది. బుస మాత్రం అంతే ఉంది.

వైరింగు తప్పయితే ఇంజనుతో పాటు ఈల పెరగాలి. స్టీరియో తప్పయితే వాల్యూమ్‌తో పాటు బుస పెరగాలి. రెండూ కాదు. ఇక మిగిలింది గెయిన్.

కంపెనీ స్టీరియోకి గొంతు చిన్నది. దాన్ని యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. ఎంత పెద్దది చెయ్యాలో చెప్పే చిన్న మర పేరు గెయిన్. పని తెలిసినవాడు స్టీరియోని ముప్పావు దాకా పెంచి, గెయిన్‌ని సరిపడేంత తిప్పి ఆపేస్తాడు. తర్వాత పాట ఆపి, చెవి స్పీకరు దగ్గర పెట్టి, బుస పోయేదాకా వెనక్కి తగ్గిస్తాడు. పని తెలియని మొనగాడు గెయిన్‌ని చివరిదాకా తిప్పి, చూశావా నా బండి దెబ్బ అంటాడు. సాయ్‌ఫోన్ అలాంటి మొనగాడితోనే కాపురం చేసింది.

తిన్నగా లాకప్‌కి వెళ్ళింది. క్రియెంగ్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

"బిళ్ళ నువ్వు తీశావా?"

జవాబు లేదు.

"నాలుగింటికి కోర్టు. పాత కేసుంది కాబట్టి ఈసారి ఏళ్ళే పడతాయి. ఏమైనా చెప్పుకుంటావా?"

జవాబు లేదు.

"సరే. నువ్వు బిగించిన బండి బుస కొడుతోంది."

క్రియెంగ్ చివాలున లేచాడు. ఊచలు పట్టుకున్నాడు.

"ఏం కొడుతోంది?"

"బుస."

"నా బండా? నేను బిగించిన బండా? ఎవడన్నాడు? చెవుల్లో బియ్యం పోసుకున్న ఆ మిల్లోడా? నేను గెయిన్ పెట్టాక ఆ మర మీది గీత ఎదురుగా తెల్లరంగు చుక్క పెడతాను మేడమ్. ప్రతి బండికీ పెడతాను. పోయి చూడండి, గీత చుక్క మీదుందో లేదో!"

"రెండు రోజులుగా దొంగ దొంగ అంటుంటే పలకలేదేం?"

"ఒకసారి దొంగనే కదా. ఏం చెప్పినా నవ్వుతారు." క్రియెంగ్ ముఖం ఎర్రబడింది. "దొంగ అనుకోండి, పడతాను. పని రానివాడు అంటే మాత్రం పడను."

మధ్యాహ్నం మూడింటికి పికప్ 'థవాట్ సౌండ్' ముందు ఆగింది. పోంగ్ నడిపాడు. వెనకే పోలీసు జీపు.

థవాట్ నవ్వుతూ ఎదురొచ్చాడు. అతని మెడలో ఏడు తాయెత్తులు గలగల్లాడాయి. జీపులోంచి దిగినవాళ్ళని చూడగానే ఆ నవ్వు సగంలో ఆగింది. ఇన్‌స్పెక్టరు, వన్‌లోప్, బున్‌మీ. బున్‌మీ వెనక బేడీలతో క్రియెంగ్.

"బండి వదిలి వెళ్ళండి అన్నగారూ. గంటలో సరిచేసి ఇంటికి పంపిస్తా."

"ఇక్కడే, మా ముందే చెయ్యి," అంది సాయ్‌ఫోన్.

"ఇది పెద్ద పని మేడమ్. యాంప్లిఫయరే పాడైనట్టుంది. ఇది తీసేసి కొత్తది బిగిస్తా. పైసా వద్దు."

"పోంగ్, ఈ దుకాణంలో నువ్వు ఎప్పుడైనా ఏమైనా కొన్నావా?"

"ఫ్యూజు కొన్నాను. కవరుకి కూడా డబ్బు తీసుకున్నాడు," అన్నాడు పోంగ్.

"కవరుకి డబ్బు తీసుకునేవాడు కొత్త యాంప్లిఫయర్ ఊరికే ఇస్తున్నాడు. చూశావా బున్‌మీ, ఇంత పుణ్యాత్ముణ్ణి వదిలేసి నువ్వెవరినో పట్టుకున్నావు."

థవాట్ మళ్ళీ నవ్వబోయాడు. "నమ్మకం కోసం చేసే వ్యాపారం మేడమ్..."

"బండి బుస కొడుతోందని నీకెవరు చెప్పారు?"

"వన్‌లోప్‌గారు..."

"నేను చెప్పలేదే!" అన్నాడు వన్‌లోప్. "నువ్వే కదా ఫోన్ చేసి అడిగావు!"



"మూడింటికి బండిలో బుస లేదు," అంది సాయ్‌ఫోన్. "వన్‌లోప్‌గారు చెవి పెట్టి విన్నారు. బయల్దేరేసరికి ఉంది. మధ్యలో ఎవడో యాంప్లిఫయర్ మీద చెయ్యి వేశాడు. అప్పుడు క్రియెంగ్ పక్క కొట్లో నూడుల్స్ తింటున్నాడు. పోంగ్ గుర్రుపెడుతున్నాడు. మెలకువగా ఉన్నా పోంగ్‌కి యాంప్లిఫయర్ ఏదో, అన్నం క్యారియర్ ఏదో తెలియదు. ఇక మిగిలింది నువ్వు."

"గెయిన్ కొంచెం తిప్పితే నేరమా?"

"గెయిన్ అని నేననలేదే!"

థవాట్ నోరు మూసుకున్నాడు. ఆ పని రెండు మాటల ముందే చేసి ఉండాల్సింది.

"బిళ్ళ కొట్టేశావు. వెతుకుతారని తెలుసు. ఒంటి మీద పెట్టుకోలేవు, దుకాణంలో దాచలేవు. అందుకని బండిలోనే దాచి, ఓనరు చేతే బయటికి తోలించావు. మరి మళ్ళీ చేతికి రావాలంటే? బండి నీ దగ్గరికే తిరిగి రావాలి. అందుకే ఈ బుస. ఈ దేశంలో పుట్టినవాడెవడూ బుద్ధుణ్ణి పిర్రల కింద పెట్టడు కాబట్టి అక్కడెవరూ విప్పి చూడరనుకున్నావు. మా బున్‌మీ నీ నమ్మకం నిలబెట్టాడు."

బున్‌మీ నేల చూపులు చూశాడు.

"బేడీలు తియ్యి. స్క్రూడ్రైవర్ అతనికివ్వు."

క్రియెంగ్ సీటు వెనక్కి జరిపాడు. వంగి చూశాడు. "చుక్క ఇక్కడుంటే గీత ఎక్కడుందో చూడండి," అని గొణిగాడు. అందరూ వంగి చూశారు. గీత చుక్కని దాటి చివరికంటా పోయి ఉంది. యాంప్లిఫయర్ ఊడదీసి అడుగు రేకు విప్పాడు. లోపల ఒక మూల స్పాంజి ఉండ, దాని చుట్టూ నల్ల టేపు.

టేపు విప్పగానే బంగారం మెరిసింది.

వన్‌లోప్ బిళ్ళని అందుకుని డ్రైవర్ సీటు వైపు చూశాడు. "రెండు రోజులు... తాతగారి బుద్ధుణ్ణి... నా కిందే..."

"అవును. కూర్చుని తిరిగారు," అంది సాయ్‌ఫోన్. "మిల్లుకీ, మార్కెట్టుకీ, గుడికీ."

"గుడికి కూడా వెళ్ళాం బావా," అని గుర్తుచేశాడు పోంగ్.

బున్‌మీ థవాట్‌ని జీపెక్కించాడు. తాయెత్తులు గలగల్లాడాయి. ఏడింటిలో ఒక్కటీ అక్కరకు రాలేదు.

క్రియెంగ్ వెళ్ళిపోలేదు. రేకు బిగించాడు. యాంప్లిఫయర్‌ని మళ్ళీ సీటు కింద కూర్చోబెట్టి వైర్లు తగిలించాడు. తాళం తిప్పాడు. స్స్స్ మొదలైంది. మరని నెమ్మదిగా వెనక్కి తిప్పాడు. గీత తెల్లచుక్క మీదికి వచ్చింది. బుస సన్నబడి, సన్నబడి, పోయింది.

"చెవి పెట్టండి," అన్నాడు వన్‌లోప్‌తో.

వన్‌లోప్ పెట్టాడు. ఏమీ వినపడలేదు.

"మీకు నేను అప్పజెప్పింది ఇదీ," అన్నాడు క్రియెంగ్.

వన్‌లోప్ బండి దిగాడు. జేబులోంచి పర్సు తియ్యబోయాడు. సాయ్‌ఫోన్ చూసిన చూపుకి మళ్ళీ లోపల పెట్టేశాడు. చేతిలోని బిళ్ళ వైపు తిరిగి, దాన్ని నుదుటికి ఆనించి దణ్ణం పెట్టుకున్నాడు.

"అటు కాదు," అంది సాయ్‌ఫోన్. "ఆయన మిమ్మల్ని ఎప్పుడో క్షమించి ఉంటాడు. ఇటు."

వన్‌లోప్ క్రియెంగ్ వైపు తిరిగాడు. ముఖం కందగడ్డలా అయింది. బిళ్ళని చొక్కా జేబులో పెట్టుకుని చేతులు జోడించాడు. అవి పొట్ట దగ్గర ఆగాయి.

"ఇంకా పైకి," అంది సాయ్‌ఫోన్.